ఎల్ బ్యాండ్‌ను 'దీర్ఘ పట్టీ' అనవచ్చా?

అనువాదకురాలు: అందరికీ నమస్కారం. శాటిలైట్ ఫోన్ల మీద ఒక వ్యాసం తెలుగులోకి తెస్తున్నాను. ఎల్ బ్యాండ్, ఎస్ బ్యాండ్, కేయూ, కేఏ అని రేడియో తరంగాల పట్టీల పేర్లు అడుగడుగునా తగులుతున్నాయి. ఎల్ అంటే లాంగ్, ఎస్ అంటే షార్ట్ అట. 'దీర్ఘ పట్టీ', 'హ్రస్వ పట్టీ' అని రాస్తే ఎలా ఉంటుంది?

పాత రేడియో: వద్దమ్మా. ఎల్ అంటే లాంగే, కానీ దేనికన్నా లాంగ్? రెండో ప్రపంచ యుద్ధంలో రాడార్లవాళ్లు, శత్రువుకు అంకెలు తెలియకూడదని పెట్టుకున్న రహస్య అక్షరాలివి. పది సెంటీమీటర్ల ఎస్ పక్కన నిలబెడితే ఎల్ పొడుగు, అంతే. మన ఆకాశవాణి హైదరాబాద్ మీడియం వేవ్ 738 కిలోహెర్ట్జ్, తరంగం పొడవు 400 మీటర్లు దాటుతుంది. ఇరిడియం అనే కంపెనీ శాటిలైట్ ఫోన్ మాట్లాడేది 1616 నుంచి 1626.5 మెగాహెర్ట్జ్ మధ్య, తరంగం సుమారు 18 సెంటీమీటర్లు. 400 మీటర్లది మధ్యమం, జానెడు లేనిది దీర్ఘం అంటే పాఠకుడు ఏమైపోవాలి?

తెలుగు టీచరు: కేయూ, కేఏల కథ ఇంకా తమాషా. కే అంటే జర్మన్ 'కుర్త్స్', పొట్టి అని. 22 గిగాహెర్ట్జ్ దగ్గర గాలిలోని నీటి ఆవిరి తరంగాన్ని మింగేస్తుందని కే పట్టీని చీల్చి, కిందిదానికి 'అండర్' అని యూ, పైదానికి 'ఎబవ్' అని ఏ తగిలించారు. జర్మన్ తలకు ఇంగ్లీషు తోక! దీన్ని తెలుగు చేయాలంటే 'హ్రస్వాధః', 'హ్రస్వోపరి' అనాలి. హ్రస్వానికి సవర్ణదీర్ఘ సంధి చేసిన పాపం మనకెందుకు?

అనువాదకురాలు: 😀 సరే, అక్షరాలే ఉంచుతాను. మరి ఫోన్లకు ఎల్ బ్యాండే ఎందుకో ఒక వాక్యం రాయాలి.

పాత రేడియో: ఒక్క వాక్యంలో ఇమడదు. మీ ఇంటి డీటీహెచ్ కేయూ బ్యాండ్. గట్టి వాన పడితే బొమ్మ ఆగిపోతుంది కదా, చినుకులు ఆ తరంగాన్ని పీల్చేస్తాయి. ఎల్‌ను వాన పెద్దగా పట్టించుకోదు. పైగా ఇరిడియం ఉపగ్రహాలు సుమారు 780 కిలోమీటర్ల ఎత్తులోనే తిరుగుతాయి, అందువల్ల ఫోన్‌కున్న చిన్న యాంటెన్నా చాలు. డిష్‌లా ఒకవైపు గురి పెట్టి కూర్చోనక్కర్లేదు, నడుస్తూ మాట్లాడొచ్చు. నష్టం ఏమిటంటే జాగా ఇరుకు. పైన చెప్పిన రెండు అంకెల మధ్య ఉన్నది పదిన్నర మెగాహెర్ట్జే. మాటలకు, మెసేజ్‌లకు సరిపోతుంది. సినిమాలు చూడాలంటే మళ్లీ కేయూ, కేఏలకే పోవాలి. ఉపగ్రహాల ద్వారా ఇంటర్నెట్ ఇచ్చే స్టార్‌లింక్ ఇంటిమీద డిష్ పెట్టమనేది అందుకే.

ఎస్ బ్యాండ్‌కు మన ఉదాహరణే ఇవ్వండి. 2015 ఆగస్టు 27న శ్రీహరికోట నుంచి వెళ్లిన జీశాట్-6 ఉపగ్రహం. కింద చేతిలో పట్టే చిన్న పరికరం చాలాలంటే పైన పెద్ద చెవి ఉండాలి కాబట్టి, దానికి అంతరిక్షంలో గొడుగులా విచ్చుకునే 6 మీటర్ల యాంటెన్నా పెట్టారు.

గల్ఫ్ తెలుగు: పేర్ల మాట వచ్చింది కాబట్టి ఒకటి. ఇక్కడ వాడే 'తురయా' శాటిలైట్ ఫోన్ ఎమిరేట్స్ కంపెనీది. అరబీలో తురయా అంటే మన కృత్తికలు. పేరు బాగుంది కదా అని సెలవులకు ఫోన్‌ను ఇంటికి పట్టుకుపోకండి. ముందస్తు అనుమతి లేకుండా శాటిలైట్ ఫోన్‌తో ఇండియాలో దిగితే కేసు పెడతారు.

అనువాదకురాలు: మంచి మాట చెప్పారు, అదీ చేరుస్తాను. చివరి సందేహం: పౌనఃపున్యమా, ఫ్రీక్వెన్సీయా?

తెలుగు టీచరు: మొదటిసారి పౌనఃపున్యం అని రాసి విడమరచండి. పునః పునః, మళ్లీ మళ్లీ. ఇరిడియం తరంగమైతే సెకనుకు 162 కోట్ల సార్లు మళ్లీ మళ్లీ. తర్వాత ఫ్రీక్వెన్సీ అన్నా ఎవరూ కొట్టరు.

అన్నట్టు ఇరిడియం పేరు కూడా లెక్క తప్పిందే. మొదట 77 ఉపగ్రహాలు అనుకుని, పరమాణు సంఖ్య 77 ఉన్న లోహం పేరు పెట్టారు. తీరా 66 చాలన్నారు. 66వ మూలకం డిస్ప్రోసియం. గ్రీకులో దానర్థం 'అందడం కష్టం' అని. ఫోన్ కంపెనీ ఆ పేరు జోలికి పోలేదు మరి!