నడపాలన్నదీ బలమైన వాదనే, వద్దన్నదీ బలమైన వాదనేనా?

ప్రశ్న

అన్నలకు, అక్కలకు నమస్కారం. మాది నల్లగొండ దగ్గర పల్లె. ఎనిమిది నెలలుగా అశోక్‌నగర్‌లో రూమ్ తీసుకుని గ్రూప్స్‌కు చదువుతున్నాను. హిస్టరీ, పాలిటీ పర్వాలేదు. రీజనింగ్‌లో ‘ప్రకటన – వాదనలు’ దగ్గరే దెబ్బ తింటున్నాను. ఒక ప్రకటన, కింద కొన్ని వాదనలు ఇచ్చి, వాటిలో బలమైనవి ఏవో తేల్చమంటారు. నిన్నటి మాక్ టెస్ట్‌లో పదింటికి నాలుగే వచ్చాయి. తప్పు పోయిన వాటిలో ఒకటి ఇది.

ప్రకటన: హైదరాబాద్ మెట్రోను రాత్రంతా నడపాలా?
వాదన 1: నడపాలి. నైట్ షిఫ్ట్ చేసేవాళ్లకు ఇంటికి చేరడానికి భద్రమైన, చవకైన దారి దొరుకుతుంది.
వాదన 2: వద్దు. పట్టాల తనిఖీకి, మరమ్మతులకు రైళ్లు ఆగే ఆ కొద్ది గంటలే దొరుకుతాయి.
వాదన 3: నడపాలి. లండన్‌లో రాత్రిపూట నడుపుతున్నారు.
వాదన 4: వద్దు. రాత్రిళ్లు తిరగడం మంచి అలవాటు కాదు.

నేను రెండోది ఒక్కటే బలమైనదని పెట్టాను. రాత్రి రెండింటికి మెట్రో ఎవరెక్కుతారు, ఖాళీ రైళ్లు తిప్పడం దండగ అనిపించింది. కీలో 1, 2 రెండూ బలమైనవే అని ఉంది. ఒకటి నడపమంటోంది, ఇంకోటి వద్దంటోంది. రెండూ ఒకేసారి ఎలా కరెక్ట్ అవుతాయి? పరీక్ష దగ్గరకొస్తోంది, చాలా టెన్షన్‌గా ఉంది.

మొదటి జవాబు

తమ్ముడూ, షార్ట్‌కట్ చెప్తా, రాసుకో. వాదనలో ‘మాత్రమే’, ‘ఒక్కటే’ లాంటి మాట ఉంటే బలహీనం. వేరే దేశం పేరు వస్తే బలహీనం. సంస్కృతి, అలవాటు అంటే బలహీనం. ఇంత చాలు, సగం మార్కులు వచ్చేస్తాయి.

రెండో జవాబు

తమ్ముడూ, నేనూ చిక్కడపల్లి సెంట్రల్ లైబ్రరీలో మూడేళ్లు చదివినదాన్నే. ఇప్పుడు బ్యాంకులో పనిచేస్తున్నాను. ఈ చాప్టర్ నన్ను కూడా చాలా ఏడిపించింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

నువ్వు తప్పు చేసిన చోటు నీ మాటల్లోనే ఉంది. ‘ఎవరెక్కుతారు, దండగ’ అన్నావు. అది నీ తీర్పు. ప్రశ్న నీ తీర్పు అడగలేదు. కోర్టులో ఇద్దరు వకీళ్లూ గట్టిగా వాదించవచ్చు కదా, గెలిచేది ఒక్కరే అయినా. ఇక్కడ నువ్వు జడ్జివి కావు. ఒక్కో వకీలు చెప్పిన కారణంలో పస ఎంత ఉందో చూసేవాడివి, అంతే. అందుకే ఎదురెదురు వాదనలు రెండూ బలంగా ఉండొచ్చు, రెండూ బలహీనంగానూ ఉండొచ్చు.

ఒక్కో వాదన దగ్గర ఇలా అడుగు: ఇందులో చెప్పిన కారణం నిజమే అనుకుందాం, అయితే ఏంటి? ఆ ‘అయితే ఏంటి’కి ప్రకటనలోని విషయం నుంచే బరువైన జవాబు రావాలి. నైట్ షిఫ్ట్ వాళ్లు భద్రంగా ఇల్లు చేరతారు, అయితే ఏంటి? మెట్రో ఉన్నదే జనం ప్రయాణానికి, కాబట్టి అది నేరుగా తగిలే కారణం. పట్టాలు చూసుకునే టైమ్ పోతుంది, అయితే ఏంటి? పగలు ఎక్కేవాళ్ల ప్రాణాలకు సంబంధించిన మాట. అదీ నేరుగా తగిలేదే. నాలుగోది చూడు. అలవాటు మంచిదా కాదా అన్నది ఎవరి అభిప్రాయం వాళ్లది. పైగా డ్యూటీ దిగి ఇంటికి వెళ్లేవాడు సరదాకి తిరగడం లేదు.

మూడో వాదన దగ్గర కొంచెం ఆగుదాం. ‘వేరే దేశం పేరు వస్తే బలహీనం’ అని పైన మొదటి జవాబులో చెప్పింది ఇక్కడ కుదిరింది కానీ, అది రూల్ కాదు. ఎవరో చేస్తున్నారన్న మాట ఒక్కటే కారణం కాదు, అందుకని ఇది బలహీనం. నిజానికి లండన్‌లో 2016 ఆగస్టులో మొదలుపెట్టిన రాత్రి రైళ్లు శుక్ర, శనివారం రాత్రులకే, అదీ కొన్ని లైన్లలోనే. ఇప్పుడు వాదనను ఇలా మార్చి చూడు: ‘నడపాలి. లండన్‌లో లాగా వారానికి రెండు రాత్రులు నడిపి, మిగతా ఐదు రాత్రులు మరమ్మతులకు ఉంచుకోవచ్చు.’ దేశం పేరు అలాగే ఉంది. కానీ ఇది రెండో వాదన లేవనెత్తిన ఇబ్బందికి దారి చూపిస్తోంది. బలం పెరిగిందా లేదా?

‘మాత్రమే’ షార్ట్‌కట్ ఇంకా ప్రమాదం. మన తెలుగులో ‘మాత్రమే’ అన్న అర్థం చాలాసార్లు ఒక్క ‘ఏ’లో దాక్కుంటుంది. రెండో వాదన మళ్లీ చదువు: ‘ఆ కొద్ది గంటలే దొరుకుతాయి.’ షార్ట్‌కట్ ప్రకారం అది బలహీనం కావాలి, కీలో బలమైనది. ఇంకే కారణమూ లేదన్నట్టు ‘ఇదొక్కటే పరిష్కారం’ అని తేల్చేస్తే అనుమానించు. వాస్తవాన్ని చెప్పడానికి ‘ఏ’ వాడితే అందులో తప్పేమీ లేదు. రేపు సివిల్స్ ప్రిలిమ్స్ రాసినా రెండో పేపర్లో 80 ప్రశ్నలకు 200 మార్కులు, తప్పు జవాబుకు మూడో వంతు కోత. గుడ్డి గుర్తులతో పెడితే అక్కడ గట్టిగా నష్టపోతావు.

మళ్లీ ప్రశ్న

అక్కా, చాలా థాంక్స్. ఇప్పుడు అర్థమైంది. ఇంకో రకం కూడా ఉంది. చిన్న పేరా ఇచ్చి ‘దీన్ని బలహీనపరిచేది ఏది’ అంటారు. ‘1908 మూసీ వరద తర్వాత ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ కట్టారు. ఆ తర్వాత మూసీ వరదల్లో అంతటి ప్రాణనష్టం జరగలేదు. కాబట్టి నగరాన్ని కాపాడింది ఆ రెండు జలాశయాలే.’ నేను ‘వాటి నిర్మాణానికి చాలా ఖర్చయింది’ అన్న ఆప్షన్ పెట్టాను. తప్పన్నారు.

రెండో జవాబు రాసిన అక్క

ఖర్చు ఎక్కువైనా జలాశయం కాపాడవచ్చు, తక్కువైనా కాపాడకపోవచ్చు. పేరాలోని ముగింపు ఖర్చు గురించి కాదు. ముందు ముగింపు కింద గీత గీసుకో: ‘కాపాడింది ఆ రెండే.’ తర్వాత కారణానికీ ముగింపుకీ మధ్య రాసినవాళ్లు చెప్పకుండా దాటేసిన మెట్టు ఏదో వెతుకు. ఉస్మాన్ సాగర్ 1920లో, హిమాయత్ సాగర్ 1927లో పూర్తయ్యాయి. ఆ తర్వాత కూడా 1908లో కురిసినంత వాన నది ఎగువన కురిసిందనీ, మధ్యలో మారినది జలాశయాలు ఒక్కటే అనీ పేరా మనకు తెలియకుండానే ఒప్పించేసింది. అదీ ఆ మెట్టు.

మెట్టును కదిపేది బలహీనపరుస్తుంది. ‘అంతటి వాన మళ్లీ పడలేదు’ అన్నా, ‘నది ఒడ్డున ఉన్నవాళ్లను ముందే ఖాళీ చేయించే పద్ధతి వచ్చింది’ అన్నా ముగింపు ఊగుతుంది. ‘పైన కుండపోతగా కురిసిన ఏళ్లలో జలాశయాలు నీటిని ఆపి మెల్లగా వదిలాయి’ అంటే గట్టిపడుతుంది. ఒక జాగ్రత్త. బలహీనపడింది అంటే అబద్ధమని తేలినట్టు కాదు. జలాశయాలు నిజంగానే కాపాడి ఉండొచ్చు. ఈ మూడు వాక్యాలు దాన్ని రుజువు చేయలేదు, అంతవరకే.

మరొకరు

బాబూ, నేను సంస్కృతం చెప్పి రిటైరైనవాణ్ణి. ఆ అమ్మాయి చక్కగా చెప్పింది. నువ్వడిగింది మనవాళ్లు ‘కాకతాళీయం’ అన్నదే. కాకి వాలడం, తాటిపండు రాలడం ఒకేసారి జరిగినంత మాత్రాన కాకి రాల్చిందనలేం.

న్యాయశాస్త్రంలో, అంటే మన పాత తర్కశాస్త్రంలో, ఇంకో ఉదాహరణ ఉంది, నీకు పనికొస్తుంది. కొండ మీద పొగ కనబడితే అక్కడ నిప్పుందనవచ్చు. వంటింట్లో చూశాం కదా, పొగ ఉన్నచోట నిప్పు ఉంటుంది. దాన్ని తిప్పి, నిప్పుంది కాబట్టి పొగ ఉందంటే చెల్లదు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. చెప్పకుండా వదిలేసిన ఆ తడి కట్టె లాంటి షరతును ‘ఉపాధి’ అన్నారు. ప్రతి పేరాలోనూ తడి కట్టె ఎక్కడుందో వెతుకు నాయనా.

మళ్లీ ప్రశ్న అడిగిన తమ్ముడు

సార్, అక్కా, ఇద్దరికీ నమస్కారాలు. నేనే ఒకటి ప్రయత్నించాను, చూడండి. మా రూమ్ ఎదురుగా ఒక కోచింగ్ సెంటర్ హోర్డింగ్ ఉంది. నిండా ఉద్యోగాలు వచ్చినవాళ్ల ఫొటోలు. ‘కాబట్టి ఇక్కడ చేరితే ఉద్యోగం ఖాయం’ అన్నట్టు ఉంది. ముగింపు: చేరితే ఉద్యోగం. దాటేసిన మెట్టు: చేరినవాళ్లు ఎంతమందో చెప్పలేదు. వంద ఫొటోలున్నా, చేరింది రెండు వందలైతే ఒక లెక్క, పది వేలైతే ఇంకో లెక్క. ఇది కరెక్టేనా?

అక్క

కరెక్టే, చాలా బాగా పట్టుకున్నావు. ఇంకొకటి కూడా అడుగు. ఆ ఫొటోల్లో మొదటి నుంచీ అక్కడే చదివినవాళ్లు ఎందరు, చివర్లో మాక్ టెస్ట్‌లకో ఇంటర్వ్యూకో వచ్చి వెళ్లినవాళ్లు ఎందరు? రెండో రకమే ఎక్కువైతే, ఉద్యోగం తెచ్చింది ఆ సెంటర్ అనడానికి ఆధారం ఇంకా తగ్గిపోతుంది.

తమ్ముడు

సరే అక్కా. వచ్చే నెల అక్కడే ఫీజు కడదామనుకున్నాను. రేపు పొద్దున వెళ్లి ముందు ఈ రెండూ అడుగుతాను. తప్పు పోయిన మిగతా ఐదు ప్రశ్నలు ఈ రాత్రి మళ్లీ చేసి, ఒక్కోదానికీ కారణం రాసి ఇక్కడే పెడతాను.