ఇన్సూరెన్స్ లేని కారు గుద్దింది: లాయర్‌ని పెట్టుకోవాలా, వద్దా?

దారిపక్క: సిగ్నల్ దగ్గర ఆగి ఉంటే వెనక నుంచి వచ్చి గుద్దాడు. అతని కారుకి ఇన్సూరెన్స్ లేదు. మూడు వారాలైనా నాకు మెడనొప్పి తగ్గలేదు. "కోర్టుల దాకా ఎందుకండీ, రిపేరు డబ్బు నెలనెలా ఇస్తాను, ఈ కాగితం మీద సంతకం పెట్టండి" అంటున్నాడు. ఇంట్లోవాళ్లేమో లాయర్‌ని పెట్టమంటున్నారు. వసూలవుతుందో లేదో తెలియని డబ్బు కోసం ఫీజులు కట్టడం ఎందుకని నా అనుమానం.

నిదానం: మీ అనుమానం సరైనదే. ఇన్సూరెన్సే కట్టనివాడి దగ్గర ఆస్తి ఏముంటుంది? కోర్టు డిక్రీ ఇస్తుంది గానీ డబ్బు తెచ్చి చేతిలో పెట్టదు. జీతం జప్తు చేయించాలంటే మళ్లీ తిరగాలి. మా అన్నయ్య ఇలాగే కేసు గెలిచాడు, వచ్చినదానికన్నా ఖర్చే ఎక్కువైంది. రాయించుకుని తీసుకోండి.

వెన్నెల: బండి సొట్ట ఒక్కటే అయితే నేనూ అదే అనేదాన్ని, నిదానం గారూ. కానీ ఇక్కడ మెడనొప్పి ఉంది. ఆ కాగితంలో "ఇక ఏ క్లెయిమూ లేదు" అనే మాట ఉంటే, రేపు స్కాన్‌లో ఏదైనా బయటపడినా అడగడానికి దారి మూసుకుపోవచ్చు. దయచేసి సంతకం పెట్టకండి.

ఇంకో సంగతి, డబ్బు ఇవ్వాల్సింది అతనొక్కడే అని ఎందుకు అనుకోవాలి? కారు ఎవరి పేరు మీద ఉంది? అతను ఆఫీసు పని మీద వెళ్తున్నాడా? అలా అయితే కారు యజమాని మీదో, అతని ఆఫీసు మీదో కూడా బాధ్యత పడొచ్చు. మీ సొంత పాలసీలోనే ఇలాంటి ప్రమాదానికి కవర్ ఉండొచ్చు. దేశాన్ని బట్టి వేరే ఏర్పాట్లూ ఉంటాయి. బ్రిటన్‌లో ఇన్సూరెన్స్ లేని డ్రైవర్ల బాధితుల కోసం 1946 నుంచి మోటార్ ఇన్సూరర్స్ బ్యూరో ఉంది. న్యూజిలాండ్‌లో తప్పు ఎవరిదైనా చికిత్సకు సాయం చేసే పథకం 1974లో మొదలైంది, అక్కడ గాయానికి పరిహారం కోరుతూ కేసు వేయడమే కుదరదు. మీకు ఏ దారి ఉందో తెలుసుకోవడానికైనా ఒక్కసారి లాయర్‌తో మాట్లాడండి.

నిదానం: సొంత పాలసీలో కవర్ ఉంటే కంపెనీయే ఇస్తుంది కదా, మధ్యలో లాయర్ వాటా ఎందుకు?

వెన్నెల: చిన్న గాయమై, చికిత్స పూర్తయి, బిల్లులన్నీ చేతిలో ఉంటే అక్కర్లేదు, ఒప్పుకుంటాను. కానీ మన కంపెనీ అయినా ఆ క్లెయిమ్‌లో అవతలి పక్షమే. ఫోన్‌లో మర్యాదకి "బాగానే ఉన్నానండీ" అంటాం, అదే ఫైల్లోకి ఎక్కుతుంది. నొప్పి తగ్గకపోయినా, తప్పు మీదే అని వాదించినా, తక్కువ మొత్తంతో ముగించమని తొందరపెట్టినా లాయర్ ఉండాల్సిందే.

ఫీజు ముందే రాతపూర్వకంగా తేల్చుకోండి. అమెరికాలో వచ్చిన డబ్బులో వాటా తీసుకోవడం మామూలే, భారత్‌లో బార్ కౌన్సిల్ నియమాలు దాన్ని ఒప్పుకోవు. వాటా పద్ధతి అయితే అది ఖర్చులు తీసేయకముందు లెక్కా, తీసేశాకా అని అడగండి. కేసు వేయడానికి గడువు ఎప్పుడు ముగుస్తుందో కూడా.

నిదానం: గడువు మాట నిజం. మా అన్నయ్య కూడా ఆఖరి వారంలోనే పరుగెత్తాడు. సంతకం విషయంలో నా మాట వెనక్కి తీసుకుంటున్నాను.

దారిపక్క: పాలసీ తీసి చూశాను. ఇన్సూరెన్స్ లేని వాహనం గుద్దితే వర్తించే క్లాజు ఉంది, పోలీసు రిపోర్టు జతచేయాలట. రేపు పొద్దున డాక్టర్ దగ్గరికి, అటునుంచి స్టేషన్‌కి వెళ్తున్నాను. అతనికి సంతకం పెట్టనని ఇప్పుడే చెప్పాను.