షేక్‌స్పియర్ పాత మాటలు: మార్చేయాలా, అలాగే ఉంచాలా?

డల్లాస్_అమ్మ (ప్రశ్న):
మా అమ్మాయి తొమ్మిదో తరగతి. స్కూల్లో రోమియో జూలియట్ మొదలుపెట్టారు. దౌ, దీ, హాస్ట్, వేర్‌ఫోర్ అంటూ పేజీకి పది చోట్ల ఆగుతోంది. ఇప్పటి ఇంగ్లీషులో రాసిన ప్రతి ఒకటి తెచ్చుకుని చదువుతుంటే, టీచరు ఒరిజినలే చదవమన్నారట. 2015లో ఆరెగాన్ షేక్‌స్పియర్ ఫెస్టివల్ వాళ్లు 39 నాటకాలను నేటి ఇంగ్లీషులోకి మార్చమని 36 మంది నాటకకర్తలకు అప్పగించారు. నాటకాలాడేవాళ్లే మారుస్తుంటే పిల్లలకెందుకీ టెన్షన్?

ట్యూషన్_మాస్టారు:
మార్చాల్సిందేనండీ. అయితే మీరు చెప్పిన దౌ, దీ పెద్ద ఇబ్బంది కాదు. తెలియని మాట ఎదురైతే పిల్లలు నిఘంటువు తీస్తారు. తెలిసినట్టే కనిపించే మాటలతోనే చిక్కు. హామ్లెట్ నాటకంలో రాకుమారుడు హామ్లెట్ తన తండ్రి దయ్యం వెంట వెళ్లబోతుంటే పక్కనున్నవాళ్లు పట్టుకుంటారు. 'నన్ను లెట్ చేసినవాణ్ణి దయ్యాన్ని చేస్తా' అంటాడు. అప్పట్లో ఆ మాటకు 'అడ్డుకోవడం' అనే అర్థం కూడా ఉండేది. మనకు తెలిసిన అర్థంలో చదివితే, వెళ్లనిచ్చినవాణ్ణే చంపుతానన్నట్టు తేలుతుంది! 'ప్రెజెంట్లీ' అంటే ఆ నాటకాల్లో ఎక్కువగా 'వెంటనే' అని. లియర్ రాజు తనను తాను 'ఫాండ్' ముసలివాణ్ణి అనుకుంటే ప్రేమ గలవాణ్ణని కాదు, తెలివి తక్కువవాణ్ణని. ఇలాంటి చోట తప్పుగా అర్థమైందన్న సంగతే పిల్లకు తెలియదు.

గోదారి_గట్టు:
ఆ 'లెట్' ఇంకా చావలేదు మాస్టారూ. మన పాస్‌పోర్టు తెరవండి. దీన్ని తెచ్చినవారిని 'వితౌట్ లెట్ ఆర్ హిండ్రెన్స్' వెళ్లనివ్వమని రాష్ట్రపతి పేరిట కోరే వాక్యం ఉంటుంది. జేబులో పెట్టుకుని తిరుగుతాం, చదివేదెవరు?

పాత_పుస్తకం:
మాస్టారు చెప్పిన మాటల వరకు ఒప్పుకుంటాను. 'నువ్వు' అనే అర్థమున్న దౌ జోలికి మాత్రం రావద్దు. దాన్ని తీసేస్తే నాటకంలో సగం గొడవ మాయమవుతుంది. రాణి కొడుకుతో 'హామ్లెట్, నువ్వు నీ తండ్రిని చాలా నొప్పించావు' అంటుంది, దౌ అని. వాడు వెంటనే 'అమ్మా, మీరు నా తండ్రిని చాలా నొప్పించారు' అంటాడు, యూ అని. ఆమె చెప్పే తండ్రి కొత్త మొగుడు, వీడు చెప్పేది చచ్చిపోయిన రాజు. ఆ 'మీరు'లో గౌరవం ఎంతుందో, దూరం ఎంతుందో తెలుగువాళ్లకు విడమరిచి చెప్పాలా? నేటి ఇంగ్లీషులో రెండూ యూ అయిపోతే ఆ దెబ్బ తగలదు.

ఇది నాటకాల ముచ్చటే అనుకోకండి. 1603లో ఇంగ్లండులో నావికుడు, కవి వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు అటార్నీ జనరల్ ఎడ్వర్డ్ కోక్ నిండు కోర్టులో 'నిన్ను దౌ అంటున్నాను, ద్రోహీ' అన్నాడు. ఏకవచనమే అక్కడ తిట్టు. తర్వాత అదే శతాబ్దంలో క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు దేవుడి ముందు అందరూ సమానమేనని పెద్దవాళ్లను కూడా దీ, దౌ అని పిలిచి తన్నులు తిన్నారు.

చెన్నపట్నం_చిన్నోడు:
'వేర్‌ఫోర్ ఆర్ట్ దౌ రోమియో' మీద మీమ్స్ చూశారా? జూలియట్ బాల్కనీలోంచి రోమియో ఎక్కడున్నాడా అని వెతుకుతూ ఉంటుంది. అది 'ఎక్కడ' కాదురా నాయనా, 'ఎందుకు'! పగవాళ్ల ఇంటి రోమియోవే ఎందుకయ్యావు అని ఆ పిల్ల ఏడుపు.

ట్యూషన్_మాస్టారు:
చూశారా, నా మాటే రుజువవుతోంది. ఆ ఒక్కటీ 'వై' అని మార్చేస్తే పోలా?

పాత_పుస్తకం:
పోదు. వేర్‌ఫోర్‌కు రెండు అక్షరాలు, వైకి ఒకటే. పాదం కుంటుతుంది. గణం తప్పిన పద్యాన్ని మీరు క్లాసులో ఒప్పుకుంటారా?

రంగస్థలం:
పుస్తకం వేరు, వేదిక వేరు. చదివేవాడు కిందనున్న వివరణ చూస్తాడు, ప్రేక్షకుడికి అది ఉండదు. నటుడు చేత్తో, గొంతుతో చాలా అర్థం అందించగలడు కానీ 'లెట్'ను అభినయించి 'అడ్డుకోవడం' చేయడం కష్టం. అలాంటి మాటలు వేదిక మీద మార్చుకుంటే తప్పు లేదని నా అభిప్రాయం. అసలు మనం 'ఒరిజినల్' అంటున్నది కూడా 1623లో వచ్చిన నాటకాల సంపుటం నాటి అచ్చు కాదు. అందులో 'హావ్' అనే మాటలో వి బదులు యు ఉంటుంది. స్పెల్లింగులన్నీ సంపాదకులు ఎప్పుడో సరిచేసేశారు.

పాత_పుస్తకం:
స్పెల్లింగు మారిస్తే చెవికి తేడా రాదు కదండీ. మాట మారిస్తే వస్తుంది.

డల్లాస్_అమ్మ గారూ, ఫోల్జర్ లైబ్రరీ వాళ్ల ప్రతి తీసుకోండి. నాటకం ఒక పేజీలో, ఎదురు పేజీలో కష్టమైన మాటలకు అర్థాలు ఉంటాయి. అమ్మాయి ఒరిజినలే చదువుతుంది, టీచరుకూ పేచీ ఉండదు.

డల్లాస్_అమ్మ:
ఆర్డర్ పెట్టానండీ. అయితే ఆ మార్చిన ప్రతి దాచేయాలా?

ట్యూషన్_మాస్టారు:
దాచకండి. ముందు అందులో ఒక సీను కథ తెలుసుకుని, తర్వాత ఒరిజినల్లో అదే సీను పైకి చదవమనండి. పాత_పుస్తకం గారికి ఇది నచ్చదని నాకు తెలుసు.

పాత_పుస్తకం:
నచ్చదు. కానీ పైకి చదవమన్నారు చూడండి, అది మాత్రం బాగుంది.