పెన్నా గట్టెంబడి సోమశిల దాకా సైకిల్ మీద పోవచ్చా? తొక్కినోళ్ళు చెప్పండన్నా

కోవూరు కుర్రోడు:
అన్నలూ, నాది నెల్లూరు పక్కన కోవూరు. మొన్న చెన్నైలో ఒకాయన దగ్గర సెకండ్ హ్యాండ్ గ్రావెల్ బైక్ కొన్నా, మట్టిదారుల్లో తొక్కే సైకిలు, వంపు హ్యాండిల్, 38 ఎంఎం టైర్లు. ఇంట్లో పేరు చెప్పేసరికి మా నాయన ఒకటే నవ్వు, గ్రావెల్ తోలాలంటే టిప్పర్ కొనాల గానీ సైకిలెందుకురా అని. మన జిల్లాలో గ్రావెల్ అంటే అదే కదా, కొండ తవ్వి వెంచర్లకి పోసే ఎర్రమట్టి.
సరే విషయం ఏందంటే, ముంబై రోడ్డులో లారీల పక్కన తొక్కీ తొక్కీ విసుగొచ్చేసింది. పొర్లుకట్ట (వరద ఊళ్ళమీద పడకుండా ఏటి పక్కన పోసిన కట్ట) మీద కొంత, ఊళ్ళ రోడ్లలో కొంత పట్టుకుని జొన్నవాడ దాకా పోయొచ్చా, పొద్దున పూట భలే ఉంది. అట్నే ఏటి గట్టు, కాలవ గట్లు పట్టుకుని సంగం, ఆ పైన సోమశిల దాకా పోవచ్చా? ఇంకోటి, మూడుసార్లు పోతే ఐదు పంచర్లు, ఇదేం ఖర్మ? అడవిలో తొక్కాలనుంటే యాడికి పోవాల?

గట్టుమీదగాలి:
సోమశిల ఆశ ఇప్పటికి పక్కన పెట్టబ్బాయ్. నెల్లూరు నుంచి అటూఇటూగా 80 కిలోమీటర్లు, పోనూ రానూ లెక్కేసుకో, ఎండలో రాలిపోతావు. పైగా సంగం దాటినాక గట్టు ఒకే దారిగా ఉండదు, సగం ఊళ్ళ రోడ్లే, అదేదో గట్టు రైడ్ అనుకుని పోతే నిరాశే. నా మాట విని సంగం పెట్టుకో. సంగం నుంచి కనిగిరి రిజర్వాయరుకి నీళ్ళొచ్చే కాలవ ఉంది చూడు, దాని గట్టు దొరికినంత మేర గట్టు, తెగిన చోట ఊళ్ళోకి దిగి మళ్ళీ ఎక్కడం. దారి తప్పుతావు, తప్పాల కూడా, నేను మూడుసార్లు ఒకే జామాయిల్ తోట చుట్టూ తిరిగి అదే గేదెల దగ్గరికి వచ్చా.
పంచర్లకి కారణం కంప ముళ్ళు ఒక్కటే అనుకుంటాండావేమో, కాదు. అసలు దొంగ పల్లేరు కాయ. గట్టు మీద నేలకంటుకుని పాకుతుంటది, పసుపు పూలు, చూడ్డానికి అమాయకంగా ఉంటది. ఎండినాక కాయ ఎట్టా పడ్డా ఒక ముల్లు పైకే ఉంటది. పీకేటప్పుడు కాయ ఊడొస్తది, ముల్లు మొన టైర్లోనే ఇరిగిపోతది, నువ్వు కొత్త ట్యూబ్ ఏసి గాలి కొట్టి రెండు కిలోమీటర్లు పోతే మళ్ళీ తుస్సు. నీ ఐదులో రెండన్నా అట్టాంటివే, రాసిస్తా. ట్యూబ్ మార్చే ముందు టైరు లోపల వేలితో కాదు, దూదో గుడ్డ పేలికో పెట్టి తిప్పు, మొన ఉంటే గుడ్డ తగులుకుంటది. కుదిరితే ట్యూబ్‌లెస్ చేయించి లోపల సీలెంట్ పోయించు, పల్లేరు ముల్లంత బొక్కలు అదే పూడ్చేసుకుంటది. మన ఎండకి అది తొందరగా ఎండిపోద్ది, రెండు నెలలకోసారి విప్పి చూసుకో. గాలి కూడా రాయిలాగ కొట్టొద్దు, నీ బరువు 65, 70 ఉంటే ట్యూబుతో 40 పీఎస్ఐ చాలు, ట్యూబ్‌లెస్ అయితే ఇంకా తగ్గించొచ్చు.
ఇంకోటి, నీ సైకిలుకి సన్న వాల్వు ఉందా? నాకు ఒకసారి బుచ్చిరెడ్డిపాళెం అవతల పంచరయితే పంపు ఇంట్లో మర్చిపోయా, తోసుకుంటా పంచర్ షాపుకి పోతే ఆ పెద్దాయన వాల్వు పట్టుకుని అటు తిప్పి ఇటు తిప్పి 'ఇదేంది నాయనా సూదిలాగుంది, దీనికి గాలి యాడ కొట్టాల' అన్నాడు. కంప్రెసర్ పైపు దానికి పట్టదు. చిటికెన వేలి గోరంత ఇత్తడి అడాప్టర్ ఉంటది, అది వాల్వు నెత్తిన బిగిస్తే ఏ షాపులోనన్నా కొట్టేస్తారు. రెండు కొని ఒకటి సైకిలుకే బిగించి పెట్టు.

లస్కరుకొడుకు:
పైన అన్న చెప్పింది కరెక్టే గానీ ఎప్పుడు పోవాలో చెప్పలా. మా నాయన కాలవ లస్కరుగా, అంటే కాలవ నీళ్ళు చూసుకునే పనిలో చేసి రిటైరయ్యాడు, చిన్నప్పట్నుంచీ గట్లే నాకు ఆటస్థలం. వాన పడ్డ రెండు మూడు రోజులు నల్లరేగడి గట్టు ఎక్కబాకు, బంకమట్టి టైరుకీ ఫోర్కుకీ మధ్య ఇరుక్కుని చక్రం తిరగదు, సైకిల్ని భుజానేసుకుని రావాల్సిందే. మార్చి ఏప్రిల్లో కోతలు, గట్ల మీదా రోడ్ల మీదా వడ్లు ఆరబోసుంటారు, దయచేసి దిగి పక్కన నడిపించు, తొక్కుకుంటా పోయి వీడియో పెట్టేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండుద్ది. ఆ తర్వాత ఎడగారుకి (ఎండాకాలం రెండో పంటకి) నీళ్ళొదిల్తే మళ్ళీ చల్లదనం, కొంగలు, కానీ కాలవ నిండుగా పోతున్నప్పుడు తూముల దగ్గర దిగి కాళ్ళు కడుక్కోడాలు వద్దు, గట్టు పాచి పట్టుంటది, పైకి నిదానంగా కనపడ్డా లోపల లాగుడు ఎక్కువ. కంప కొట్టించిన వారం కూడా పోబాకు, నరికిన మండలు గట్టు మీదే పడేసుంటారు, ఏ సీలెంటూ కాపాడదు.
పొర్లుకట్ట మీద కూడా చూసుకుని పో. 2021 నవంబరు వరదకి గట్లు తెగి మీ కోవూరు దగ్గర హైవే, పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయినయ్, నీకు తెలీందేం కాదు. తెగి పూడ్చిన చోట కంకర లూజుగా ఉంటే ముందు బ్రేకు పట్టావా, అంతే.

గుండ్లకమ్మ:
అడవి అడిగావు కదా, మాది గిద్దలూరు, చెప్తా. నల్లమల లోపలి దారుల్లోకి సైకిలేసుకుని దూరడం కుదరదు తమ్ముడూ, అది పులుల అభయారణ్యం, పర్మిషన్ లేకుండా లోపలికి పోతే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసు. దోర్నాల శ్రీశైలం ఘాట్‌లో రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా బండ్లనే ఆపేస్తారు, అడవిలో అలికిడి వద్దని. గిద్దలూరు నంద్యాల తారు రోడ్డు మీద పగలు తొక్కు, ఎవురూ ఏమనరు, మంచినీళ్ళు మాత్రం ముందే నింపుకో.
మట్టిదారే కావాలంటే కంభం చెరువుకి రా. రెండు కొండల మధ్య గుండ్లకమ్మకి అడ్డంగా కట్టేశారు, విజయనగర రాజుల కాలం నాటి కట్ట, 2020లో ప్రపంచ సాగునీటి వారసత్వ కట్టడాల్లో చేర్చారు కూడా. కట్ట ఏమంత పొడుగుండదు, ఇంతేనా అనుకుంటావు, పైకెక్కి అటు నీళ్ళ వైపు చూసినాక మాట్లాడు. చెరువు కింద పొలాల దారులు, చుట్టూ పల్లెల మధ్య బండి బాటలు, ఒక పూట తిరగడానికి సరిపోద్ది. రాయీ రప్పా నేల కాబట్టి 38 కాదు, పడితే 42 వేయించు.

ఇస్కపల్లి:
బకింగ్‌హాం కాలవ గట్టు గురించి ఎవురూ చెప్పలేదే. చెప్పకపోడమే మంచిదిలే. మద్రాసు గవర్నరు దొర పేరు పెట్టిన కాలవ, ఒకప్పుడు పడవలు తిరిగింది, ఇప్పుడు పోతే గట్టు సగం రొయ్యల గుంటల్లో కలిసిపోయింది. ప్రతి గుంటకీ ఒక కాపలా కుక్క. నా యావరేజ్ స్పీడు జీవితంలో ఎప్పుడన్నా 30 దాటిందంటే అక్కడే.

కోవూరు కుర్రోడు:
అందరికీ థాంక్సన్నా. ఆదివారం తెల్లారుజామున ఐదుకి బయల్దేరి సంగం పోయొచ్చా. 2022లో తెరిచిన బ్యారేజీ మీద సైకిల్ ఆనించి ఇంట్లో కట్టుకొచ్చిన పులిబొంగరాలు తింటా కూర్చున్నా, కింద తెప్ప మీద ఒకాయన వల తీస్తుంటే చిన్న చేపల్ని తిరిగి నీళ్ళలోకి ఇసిరేస్తాండాడు, అవి పడకముందే కొంగలు ఎత్తుకపోతాండయ్.
వచ్చేటప్పుడు ఒకటే పంచరు. గుడ్డ పెట్టి తిప్పితే ముల్లు మొన దొరికింది, ఆవగింజంత కూడా లేదు. పాత ట్యూబ్ చూస్తే సరిగ్గా అదే చోట ఇంకో రెండు ప్యాచీలు. అంటే మూడు పంచర్లు ఒకే ముల్లు పుణ్యమే!
ఆ ఇత్తడి అడాప్టర్ నెల్లూరులో యాడ దొరుకుద్ది? ట్రంకు రోడ్డులో నాలుగు షాపులు అడిగా, ముగ్గురు లేదన్నారు, ఒకాయన గ్యాస్ స్టవ్ ముక్క తీసిచ్చాడు.