వ్యాన్ లోపల రేకుకి చెమట పడుతోంది, ప్లైవుడ్ కొట్టేముందు సలహా కావాలి

అందరికీ నమస్కారం అండి, పాత డెలివరీ వ్యాన్ ఒకటి కొని క్యాంపింగ్‌కి మార్చుకుంటున్నాను, ఫ్లోర్ అయిపోయింది, మంచం ఫ్రేమ్ కూడా బిగించేశాను. గోడలకి 25 మిల్లీమీటర్ల ఫోమ్ షీట్ అంటించి, మొన్న చలిలో ఇద్దరం రెండు రాత్రులు పడుకుని చూశాం. పొద్దున్నే లేచేసరికి పైకప్పు అడ్డకమ్మీల మీద నీటి బొట్లు వరసగా వేలాడుతున్నాయి, ఒకచోట ఫోమ్ అంచు లేపి చూస్తే వెనక రేకంతా తడి, వేలు పెడితే జారిపోతోంది. మన ఊపిరిలో ఉండే తేమే చల్లటి రేకుకి తగిలి నీరవుతుందని తెలుసు, కానీ అది ఫోమ్ వెనక్కి ఎలా వెళ్తోంది? అంచులన్నీ స్ప్రే ఫోమ్‌తో పూర్తిగా మూసేయాలా, లేక గాలాడేలా వదలాలా? ఇది తేలకుండా ప్లైవుడ్ కొట్టేస్తే లోపల తుప్పు పట్టినా కనపడదు, నా భయమంతా అదే.

పైన ఫ్యాన్ పెడదామనుకుంటున్నాను, కానీ గాలి లోపలికి రావడానికి కింద కూడా దారి ఉండాలి కదా, వానలో కిటికీ తెరవలేం, మీరెలా చేశారు?

ఇంకోటి, 12 వోల్టుల 100 ఆంపియర్ అవర్ లిథియం బ్యాటరీ తీసుకున్నాను, అంటే సుమారు 1200 వాట్ అవర్లు. 45 వాట్ల ఫ్రిజ్ మూడో వంతు సేపు నడుస్తుందనుకుంటే రోజుకి 360, దానికి రాత్రంతా ఫ్యాన్ కలిపితే రెండు రోజులు వస్తుందా? వాడి చూసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.