తొమ్మిదో తరగతి పిల్లలకు హుక్కా గురించి చెప్పాలా, వద్దా?

గౌతమితీరం: మా కోనసీమ ఉన్నత పాఠశాలలో పొగాకు నష్టాల పాఠంలో హుక్కాను కూడా చేర్చాలని సైన్సు మాస్టారు ప్రతిపాదించగా, తల్లిదండ్రుల సమావేశం రెండుగా చీలిపోయింది. సభ్యుల అభిప్రాయం కోరుతున్నాను.

లంకరైతు: వద్దనే నా అభిప్రాయం. మా లంకల్లో పిల్లలు చుట్టను చూసి పెరిగారే తప్ప హుక్కాను చూసి కాదు. లేని కోరికను మనమే పుట్టించినట్లవుతుంది.

కాకినాడ అమ్మ: చూడలేదనుకోవడం మన భ్రమ అండి. వాళ్ల చేతిలోని ఫోన్ అన్నీ చూపిస్తోంది. పైగా పదో తరగతి అవగానే ఆ పిల్లలే హాస్టళ్లకు, పట్నాలకు వెళ్తారు.

వశిష్ఠ (ఉపాధ్యాయుడు): లంకరైతు గారి భయం అర్థం చేసుకోదగినదే గాని, మౌనం వల్ల మిగిలేది ‘నీటిలోంచి వచ్చే పొగ శుభ్రమైనది’ అన్న నమ్మకమే. నీరు పొగను చల్లబరుస్తుంది తప్ప అందులోని విషాలను వడగట్టలేదు. చల్లబడిన పొగ గొంతులో మంట పుట్టించదు కనుక మరింత లోతుగా, ఎక్కువసేపు పీలుస్తారు. గంటసేపు హుక్కా తాగేవారు పీల్చే పొగ ఒక సిగరెట్టు పొగకు 100 నుంచి 200 రెట్ల పరిమాణంలో ఉండవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో హెచ్చరించింది. అయితే ఇది పొగ పరిమాణానికి సంబంధించిన లెక్క మాత్రమే. దీన్ని ‘ఒక హుక్కా అంటే నూరు సిగరెట్ల విషం’ అని గోడపత్రికల్లో రాస్తే, ఆ తప్పు పట్టుకున్న పిల్లవాడు మనం చెప్పిన మిగతా నిజాలను కూడా నమ్మడు.

నేనైతే హుక్కాలో పొగాకును వేడిచేసే బొగ్గు దగ్గర మొదలుపెడతాను. బొగ్గు కాలినప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పట్టుకుని ఆక్సిజన్‌కు చోటు లేకుండా చేస్తుంది. పిల్లలు మత్తు అనుకునే తలతిరుగుడు చాలాసార్లు దాని ఫలితమే కావచ్చు. పొగాకు లేని ‘హెర్బల్’ రకంలోనూ బొగ్గు ఉంటుంది కనుక ఆ పేరు చూసి మోసపోకూడదని చెప్పాలి. ఒకే గొట్టాన్ని పలువురు నోట పెట్టుకుంటే క్షయ వంటి వ్యాధులు సోకే ప్రమాదం సరేసరి.

లంకరైతు: మాస్టారూ, బొగ్గు మాట ఒప్పుకుంటాను. కాని తాతగారు అరుగు మీద చుట్ట కాలుస్తుండగా మనవడికి హుక్కా పాఠం చెబితే వాడు నవ్వడా? పొగాకు పండించే నాకే ఆ పాఠం వినడం ఇబ్బందిగా ఉంటుంది. అడ్డపొగ (చుట్ట నిప్పు కొసను నోట్లో పెట్టుకుని కాల్చడం) తాగేవారికి అంగిటిలో వచ్చే క్యాన్సర్ సంగతి ముందు చెప్పండి.

వశిష్ఠ: రెండూ ఒకే గంటలో చెప్పవచ్చునండి. పద్దెనిమిదేళ్లలోపు వారికి పొగాకు అమ్మరాదనీ, విద్యాసంస్థలకు 100 గజాల లోపల అసలే అమ్మరాదనీ 2003 చట్టం చెబుతున్నప్పుడు, దాని కారణం ఇంట్లోవారికీ తెలియాలి. అందువల్ల తల్లిదండ్రులనూ పిలుద్దాం.

లంకరైతు: పిలిస్తే వస్తాను. అయితే హుక్కా బొమ్మలు, అందులో కలిపే రుచుల పేర్లు తెరమీద చూపించరాదన్నది నా షరతు. బొగ్గు, రక్తం బొమ్మలు చాలు.

కాకినాడ అమ్మ: రుచుల పేర్లు దాచి లాభం లేదండి. పిల్లలను లాగేది ఆ తీపి వాసనే కనుక, దాని వెనుక నికోటిన్ ఉందని ఎవరో ఒకరు చెప్పాలి. ఈ ఒక్క విషయంలో మీతో ఏకీభవించలేను.