‘వన్స్’ చిత్రంలోని ఆ చెక్ మాటకు తెలుగు సబ్‌టైటిల్ వేయాలా?

బైరాగిపట్టెడ సభ్యుడు:

జాన్ కార్నీ తీసిన 2007 నాటి ఐరిష్ చిత్రం ‘వన్స్’ను, మేమే రాసుకున్న తెలుగు సబ్‌టైటిళ్లతో, తిరుపతిలో ఒక మిత్రుడి మిద్దె మీద ప్రదర్శించాము. డబ్లిన్ వీధుల్లో గిటారు వాయించే యువకుడికీ, చెక్ దేశం నుంచి వలస వచ్చిన పియానో తెలిసిన అమ్మాయికీ మధ్య పాటలు కట్టుకుంటూ పెరిగే ప్రేమే ఇందులోని కథ. ఆమెకు పెళ్లయింది, భర్త స్వదేశంలో ఉన్నాడు. సముద్రం కనిపించే కొండ మీద, ఆమె దగ్గరే నేర్చుకున్న చెక్ మాటలతో ‘అతన్ని ప్రేమిస్తున్నావా?’ అని అతను అడుగుతాడు. ఆమె చెక్‌లోనే బదులిస్తుంది, అర్థం మాత్రం చెప్పదు. దర్శకుడు అక్కడ సబ్‌టైటిల్ వేయలేదు కనుక నేనూ వేయలేదు. నేను చేసింది సరైనదేనా?

చిత్తూరు సభ్యుడు:

సరైనది కాదు. ఆ రోజు నా పక్కన కూర్చున్న మా అమ్మ ‘ఇక్కడ అక్షరాలు రాలేదేం నాయనా’ అని అడిగింది. ఇంగ్లీషు తెలిసినవారికి చెక్ మాట వినపడగానే భాష మారిందని చెవే చెబుతుంది. మా అమ్మకు రెండూ రాని భాషలే కాబట్టి, దర్శకుడు కావాలని వదిలిన మౌనం ఆమెకు మన పొరపాటులా కనిపించింది. ఆమె చెక్‌లో చెప్పిన ‘నేను ప్రేమిస్తున్నది నిన్నే’ అన్న మాట కథకు ఆయువుపట్టు. దాన్ని ఆమెకు అందకుండా చేయడం అన్యాయం.

శ్రీకాళహస్తి సభ్యురాలు:

మీ అమ్మగారి ప్రశ్న న్యాయమైనదే, కానీ అర్థం రాసేయడాన్ని నేను ఒప్పుకోలేను. పదిహేడు రోజుల్లో, వృత్తిరీత్యా నటులు కాని ఇద్దరు సంగీతకారులతో, చాలా వీధి దృశ్యాలను దూరం నుంచి లాంగ్ లెన్స్‌తో తీసిన చిత్రమిది. వాళ్లిద్దరికీ పేర్లు కూడా ఉండవు. దారిన పోతూ ఆగి చూసినవారికి ఎంత తెలుస్తుందో మనకూ అంతే తెలుస్తుంది. అర్థం ముందే చదివేస్తే, చివర అతను ఆమెకు పియానో కొనిపెట్టి లండన్ వెళ్లిపోయేటప్పుడు, తెలియక వెళుతున్నాడని అతని మీద జాలిపడతామే తప్ప, అతనితో పాటు ఆ తెలియనితనాన్ని మోయము. తెలుగూ తమిళమూ కలిసి వినిపించే మన వీధుల్లో పెరిగినవారికి, ఎదుటి మనిషి ఉన్నట్టుండి ఇంటి భాషలోకి మారితే, ఏదో దాచుకుంటున్నారని వేరే చెప్పనక్కరలేదు.

నా సూచన ఒకటే: ఖాళీగా వదలకుండా, ఆ ధ్వనినే తెలుగు లిపిలో రాయండి. అతని ప్రశ్న ‘మిలుయెష్ హో?’, ఆమె జవాబు ‘మిలుయు తెబె’. ప్రశ్నకు మాత్రం కింద అర్థం ఇవ్వండి. రెండింటిలోనూ ‘మిలుయ్’ ఉందనీ, ‘హో’ (అతన్ని) పోయి ‘తెబె’ (నిన్ను) వచ్చిందనీ గమనించినవారు, ఎవరూ చెప్పకుండానే ఆ మాటను పట్టుకుంటారు. గమనించనివారు ఆ యువకుడి పక్కనే నిలబడతారు.

బైరాగిపట్టెడ సభ్యుడు:

ఫైలును అలాగే సవరించాను. చిత్తూరులో వేసేటప్పుడు ఇదే వాడతాము.

చిత్తూరు సభ్యుడు:

అర్థం ఇవ్వాలనే నా అభిప్రాయం మారలేదు, కానీ ఇది ఖాళీ తెర కన్నా ఎంతో మేలు. ఒక్క మనవి: ఆ రెండో పంక్తిని తెర మీద ఇంకొంచెంసేపు ఉంచండి. మా అమ్మ నిదానంగా, కూడబలుక్కుని చదువుతుంది.